గోడకు చెప్పాల్సిన కారణం

భాద్రపద బహుళ తదియ, సోమవారం

ఉద్యోగి సంఖ్య ఒకటికి నిన్న వారపు సెలవు ఇచ్చాం. సేవా పుస్తకంలో నమోదు చేశాను.

సోమవారం నా మొదటి పని ఇదే. ఉద్యోగి సంఖ్య ఒకటి అంటే గోడ. ఉత్తరాన ఎక్కడో ఒక గోడను సెలవు లేకుండా పెంచి పెంచి చంపేశారట. ఆ తర్వాత చట్టం వచ్చింది. పెరిగే గోడలకు కూడా మనుషులకు ఉన్నట్టే సేవా పుస్తకం, సెలవులు, ఫిర్యాదుల ఫైలు ఉండాలన్నారు. అవి చూడటానికి ఒక సంక్షేమ గుమస్తా ఉండాలన్నారు. ఆ గుమస్తాను నేను. పేరు పెసింగి ధర్మారావు. పదకొండేళ్ల నుంచి ఇదే పని.

నలభై ఏళ్ల కిందట ఈ తిప్ప ఒడ్డున నత్తగుల్లంత విత్తనం వేశారు. ఇవాళ అది మూడు కిలోమీటర్ల పొడవు, మూడు నిలువుల ఎత్తు. అటు సముద్రం, ఇటు మా ఊరు గవ్వలతిప్ప, దాని వెనక ఇంకో రెండు ఊళ్లు. మా ఇళ్లు నీటిమట్టం కంటే కిందకు ఉంటాయి. పోటు మీద గోడ పక్కన నిలబడితే అలల చప్పుడు తల పైనుంచి వస్తుంది.

పది గంటలకు కొలత తీయించాను. నిచ్చెన ఎక్కి చూసింది బంగారి. కొలతలు తీసే పని అతనిదే.

"ఎంత?" అన్నాను.

"ఎంతా లేదండి. గురువారం ఎక్కడుందో అక్కడే ఉంది."

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే సూసేనండి. నమ్మకం లేపోతే మీరెక్కండి. నిచ్చెన నేను పట్టుకుంటాను, పడితే సంక్షేమం మీదే కదా."

ఎక్కి చూశాను. అతను చెప్పింది నిజమే. గురువారం పెట్టిన రాగి గుర్తుకూ గోడ అంచుకూ మధ్య వెంట్రుకంత తేడా కూడా లేదు.

భాద్రపద అమావాస్య పోటు ఏడాదిలో పెద్దది. ఆ మర్నాడు పాడ్యమి పొద్దున నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో రేవు వాళ్లు ముందే లెక్క పంపుతారు. ఆ లెక్క ప్రకారం గోడ ఇంకా మూరెడు పెరగాలి. ఏటా ఈపాటికి ఎవరూ చెప్పకుండానే పెరుగుతూ ఉండేది. ఇంకా పదమూడు రోజులుంది. మూడు ఊళ్లలో కలిపి నాలుగు వేల మందిమి.

బహుళ చవితి, మంగళవారం

పొద్దున హాజరుకు వెళ్లాను. వెళ్లి చాలా రోజులైంది.

ఇక్కడ హాజరు పద్ధతి వేరు. గోడ మొదట్లో వరసగా నలభై రెండు చోట్లు ఉన్నాయి. ఎవరి చోటు వారిది. ఏళ్ల తరబడి అరచెయ్యి ఆనించి ఆనించి ఒక్కో చోట గోడ నున్నబడి, చిన్న పళ్లెంలా లోపలికి దిగింది. అందరూ తమ తమ చోట చెయ్యి పెట్టి నిలబడతారు. మేస్త్రి పేర్లు పిలుస్తుంది. వచ్చిన వాళ్లు 'ఉన్నా' అంటారు. ఎవరైనా రాకపోతే మేస్త్రి ఆ ఖాళీ చోట తన చెయ్యి పెట్టి, ఎందుకు రాలేదో చెబుతుంది. జ్వరం అనో, కూతురి పురుడు అనో. అది చెప్పాకే తర్వాతి పేరు. చివరి పేరు అయ్యాక గోడ లోపలి నుంచి తేనెపట్టు దగ్గర వినిపించేలాంటి మోత వస్తుంది. కాళ్ల కింద నేల సన్నగా అదురుతుంది. అప్పుడు గోడకు కుడితి పోస్తారు. తవుడు, ఆల్చిప్పల పొడి, చేపలు కడిగిన నీళ్లు కలిపిన కుడితి.

ఇవాళ మోత రాలేదు. గురువారం నుంచీ రావడం లేదట. పోసిన కుడితి పోసినట్టే తొట్లలో ఉంది. పైన ఈగలు.

పంతొమ్మిదో చోటు ఖాళీ. అది ఓలేటి నూకరత్నం అనే ఆమెది. పోయిన బుధవారం ఆమెను పనిలోంచి తీసేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు హాజరు జాబితా పై ఆఫీసు నుంచే అచ్చయి వస్తోంది. అందులో నలభై ఒక్క పేర్లే ఉన్నాయి. మేస్త్రి మల్లాడి వీరవేణి పద్దెనిమిదో పేరు చదివి ఇరవయ్యోది చదివింది. మధ్యలో ఒకసారి నా వంక చూసింది.

మధ్యాహ్నం పట్నంలో ఉన్న ఆఫీసరు హిమశేఖర్ గారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"కుడితి రెట్టింపు చేయండి ధర్మారావ్. పనివాళ్లకు ఓవర్‌టైమ్ ఇవ్వండి. మోటివేషన్ తగ్గి ఉంటుంది."

"ఎవరికి సార్?"

"అందరికీ," అని పెట్టేశారు.

బహుళ షష్ఠి, గురువారం

కుడితి రెట్టింపు చేశాం. రెట్టింపు పులిసింది. కొలత మారలేదు.

పై ఆఫీసు నుంచి ఉద్యోగుల సంతృప్తి పత్రం వచ్చింది. చట్టప్రకారం ఉద్యోగి సంఖ్య ఒకటి కూడా నింపాలి. పత్రం పట్టుకుని గోడ దగ్గరకు వెళ్లాను. 'మీ పై అధికారితో మీ సంబంధం ఎలా ఉంది? ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేయండి.' పక్కనే తొట్టి కడుగుతున్న బంగారి ఆ ప్రశ్నను గోడకు గట్టిగా చదివి వినిపించాడు. చెవి ఆనించి కాసేపు విన్నాడు.

"ఏమంటోంది?" అన్నాను.

"ఆలోచిత్తన్నాదండి. పెద్ద ఉజ్జోగం కదా, తొందరపడదు."

అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గోడ చల్లగా ఉంది. మామూలుగా పగటి పూట ఆవు డొక్కలా గోరువెచ్చగా ఉంటుంది.

పత్రంలో అన్నిటికీ మూడు మార్కులు వేసి పంపాను. పదకొండేళ్లుగా అలాగే పంపుతున్నాను.

బహుళ సప్తమి, శుక్రవారం

ఇవాళ హాజరు అయ్యాక వీరవేణి నన్ను ఆపింది. అరవై దాటిన మనిషి. గోడ మోకాలి ఎత్తున ఉన్నప్పటి నుంచి ఇక్కడే పని.

"గుమస్తాగారూ, సెప్పులిప్పి ఇలా రండి. ఆ పంతొమ్మిదో సోట సెయ్యెట్టండి."

"ఎందుకు?"

"పెట్టండంటే. కరవదు."

పెట్టాను. చల్లగా, తడిగా, నున్నగా ఉంది. నా చెయ్యి అందులో పట్టలేదు. రత్నం చెయ్యి చిన్నది.

వీరవేణి మళ్లీ మొదటి నుంచి పేర్లు పిలిచింది. అందరూ విసుగు లేకుండా మళ్లీ 'ఉన్నా' అన్నారు. ఏడో పేరు, ఎనిమిదో పేరు. పదిహేను దాటాక ఎడమ పక్కనున్న ఆమె చెయ్యి తీయకుండానే నాతో, "వత్తంది, సూడండి" అంది. ముందు అర్థం కాలేదు. పద్దెనిమిదో పేరు పిలిచాక నా అరచెయ్యి కింద గోడ వేడెక్కింది. పొయ్యి మీంచి దించిన పాలగిన్నెను పైపంచెతో పట్టుకుంటే ఎంత వేడి తగులుతుందో అంత. ఆ వేడి మొదటి చోటు నుంచి ఒక్కో చెయ్యే దాటుకుంటూ నా దాకా నడిచి వచ్చింది. నా దగ్గర ఆగింది.

వీరవేణి ఇరవయ్యో పేరు పిలిచింది. ఆమె 'ఉన్నా' అంది. వేడి కదల్లేదు. ఇరవై ఒకటి. కదల్లేదు. నలభై రెండు దాకా పిలిచింది. వేడి నా చెయ్యి కిందే ఉంది. ఏదో తట్టుతున్నట్టు, ఆగి ఆగి, మెల్లగా.

"తొమ్మిది రోజుల్నించీ ఇంతేనండి," అంది వీరవేణి. "రత్నం కోసం సూత్తంది. అది రాలేదో, వచ్చిందో తెలిత్తే గానీ పక్కకెల్లదు. మేం నేర్పిన పద్ధతే."

మూడు కిలోమీటర్ల గోడ. ఓడలు దాన్ని చూసి దారి మార్చుకుంటాయి. అది ఒక్క మనిషి అరచెయ్యి పట్టే గుంతలో నిలబడి ఉంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను. తీస్తే ఏమనుకుంటుందో అనిపించింది. అలా అనిపించడం వింతగా ఉంది, అయినా రాస్తున్నాను.

"మరి చెప్పకపోయావా? ఎవరైనా పోయినా, పని మానేసినా నువ్వే కదా చెప్పేది."

"ఏటని సెప్పను? కాయితంలో ఏటుంది?"

"పాలనాపరమైన కారణాలు అని ఉంది."

"అంటే ఏటండి? జొరమా? సావా? పెళ్లా?"

నేను పక్కనున్న తొట్టి వైపు చూశాను.

"నాకు తెలీని కారణం దానికెలా సెప్పను. ఇన్నేళ్లలో ఒక్క అబద్ధం సెప్పలేదు దానికి. మీకు తెలుసు గదండి, మీరు సెప్పండి."

ఉద్యోగుల వ్యవహారాలు గోప్యమని చెప్పి వచ్చేశాను.

బహుళ అష్టమి, శనివారం

బంగారి ఓపిక పట్టలేక హాజరులో తనే పంతొమ్మిదో చోట చెయ్యి పెట్టి, "రత్నమ్మకి జొరం" అన్నాడు. వీరవేణి అతన్ని తిట్టింది. వేడి కదల్లేదు.

కదలదు కూడా. రత్నం ఇప్పుడు పీతల షెడ్డులో పనికి పోతోంది. ఆ షెడ్డుకు దారి గోడ వెంట ఉన్న గట్టు మీదుగానే. గోడ ఇరవై రెండేళ్లుగా విన్న అడుగులు అవి, జ్వరమంటే ఎలా నమ్ముతుంది? ఆమె నడిచే వేళకు పంతొమ్మిదో చోటు దగ్గర తొట్టిలో నీళ్లు వణకడం నేనే చూశాను.

ఊళ్లో వాళ్లు ధాన్యం అటకలెక్కిస్తున్నారు.

బహుళ నవమి, ఆదివారం

ఇది సంక్షేమ విభాగం పుస్తకం. సొంత సంగతులు రాయకూడదు. కానీ ఇది సొంత సంగతో, విభాగం సంగతో విడదీయలేకపోతున్నాను.

నెల కిందట కుడితి వేళలు మార్చారు. అంతకుముందు ఆటు వచ్చాక పోసేవారు. హిమశేఖర్ గారు వచ్చాక రోజూ పొద్దున ఆరింటికే పోయాలన్నారు. ఆ పద్ధతికి ఆయనకు మెచ్చుకోలు పత్రం కూడా వచ్చింది. తర్వాత ఆయనే పనివాళ్ల అభిప్రాయాలు సేకరించమన్నారు. ఎవరి పేరూ బయటికి రాదని నేను అందరికీ చెప్పాను. రాయడం రాని వాళ్లకు నేనే రాసిపెట్టాను.

నూకరత్నానికి రాయడం రాదు. ఆమె చెప్పింది నేను రాశాను. 'పోటు మీద గోడ బిగుసుకుని ఉంటది, తినదు. గడియారం చూసి పోస్తే కుడితి పులిసి నేల మీదికి వత్తంది. అందులో నిలబడి మా కాళ్లు పాసిపోతన్నాయి. ఈ వేళలు పెట్టినోళ్లు ఒక్కరోజు వచ్చి ఇందులో నిలబడాలి.'

హిమశేఖర్ గారు ఫోన్ చేసి, ఆ చివరి మాట ఎవరిదని అడిగారు. రెండుసార్లు తెలియదన్నాను. మూడోసారి చెప్పాను. బెదిరించలేదు, కొట్టలేదు. అడిగారు, చెప్పాను. నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది.

ఇవాళ మధ్యాహ్నం పీతల షెడ్డుకు వెళ్లాను. రత్నం బల్ల దగ్గర కూర్చుని పీత కాళ్లు విరిచి కండ తీస్తోంది. నన్ను చూసి చేతులు ఆపలేదు.

"రత్నమ్మా, గోడ పెరగడం లేదు."

"తెల్సండి. గట్టు మీంచి నడుత్తాను గదా."

"నీ కోసం ఆగింది."

"అదీ తెల్సు."

"మరి ఒక్కసారి వచ్చి..."

"పిలవకుండా ఎలా వత్తానండి? జాబితాలో పేరు కొట్టేసేరు గదా."

బల్ల చివర కూర్చున్నాను. షెడ్డులో అందరూ వింటున్నారు గానీ ఎవరూ తల ఎత్తలేదు.

"నీ పేరు ఆఫీసరుకు..."

"మీరే సెప్పేరని మొదటి రోజే తెల్సు," అంది. "నాకు రాయడం రాదు. ఆ మాట మీకూ నాకూ తప్ప ఇంకోళ్లకి ఎలా తెలుత్తాది?"

"మరి నన్ను అడగలేదే?"

"అడిగితే ఏటంటారు? ఆఫీసరుగారు అడిగేరు, సెప్పేను అంటారు. ఆ మాట కోసం అంత దూరం నడిచి రావాలా?"

ఉత్తర్వు రద్దు చేయించడానికి ప్రయత్నిస్తానన్నాను. ఆమె పీత డిప్ప బుట్టలో పడేసి చేతులు తుడుచుకుంది.

"రద్దు సంగతి మీ ఇట్టం. నేనెందుకు రావట్లేదో దానికి సెప్పాల్సింది మేస్త్రి ఈరేనక్క కాదు, నేనూ కాదు. మీరు. మా వోళ్లందరూ ఉండగా, ఆ సోట సెయ్యెట్టి. అది అయ్యాక మాట్లాడదాం."

బహుళ ఏకాదశి, మంగళవారం

నిన్నా ఇవాళా కొలత మారలేదు. ఇంకా అయిదు రోజులు.

హిమశేఖర్ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోడ ఎందుకు ఆగిందో, ఏం చెప్పాలో, ఎక్కడ చెప్పాలో. 

"గోడకు మనం సంజాయిషీ ఇవ్వాలా?"

"అది కూడా ఉద్యోగే సార్. సేవా పుస్తకం ఉంది."

"ధర్మారావ్, అభిప్రాయ సేకరణలో పేర్లు బయటికొచ్చాయని పదిమందిలో ఒప్పుకుంటే, రేపు ఇంకెవరూ మనకు అభిప్రాయం చెప్పరు. ఆలోచించారా?"

"ఇప్పుడు కూడా చెప్పడం లేదు సార్."

"మీరు నోరు విప్పితే తర్వాతి ఉత్తర్వు మీదే." ఆ తర్వాత మామూలు గొంతుతో, ఆఫీసు యంత్రాలు, ఫైళ్లు రెండు పడవల్లో పట్నం చేర్చమన్నారు. మనుషులకు పడవలు ఎప్పుడని అడిగాను. ప్రతిపాదన పంపామన్నారు.

సాయంత్రం ఊళ్లోకి వెళ్లాను. అటకలు లేని ఇళ్లవాళ్లు బియ్యం మూటలు బడి మేడ మీదకు మోస్తున్నారు. ఒక మూట నేనూ మోశాను. బడి మేడ మీద నుంచి చూస్తే గోడ పొడవునా కనిపిస్తుంది. అంచుకు జానెడు కింద నీళ్లున్నాయి. పెద్ద పోటు రోజులు ఇంకా మొదలు కాలేదు.

బహుళ ద్వాదశి, బుధవారం

ఇవాళ్టి సంగతి నెమ్మదిగా రాస్తాను.

హాజరుకు వెళ్లి వీరవేణి చేతిలోని అచ్చు జాబితా తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. "పాత వరసలో పిలువు" అన్నాను.  పాత వరసకు ఆమెకు కాగితం అక్కర్లేదు.

చెప్పులు విప్పి పంతొమ్మిదో చోట చెయ్యి పెట్టాను. ఒకటి. రెండు. వేడి నడిచి వచ్చింది. పద్దెనిమిది దగ్గర నా చెయ్యి కిందకు వచ్చి ఆగింది.

"ఓలేటి నూకరత్నం," అని పిలిచింది వీరవేణి. పదమూడు రోజుల తర్వాత ఆ పేరు పిలవడం అదే.

గోడతో ఎలా మాట్లాడాలో నాకు తెలియదు. మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాను.

"రత్నం రాలేదు. జబ్బు కాదు, చావు కాదు. తనకై తను మానలేదు. కుడితి వేళలు తప్పని చెప్పింది. ఆ మాట నిజం. పేరు బయటికి రాదని నేను మాటిచ్చాను. ఆఫీసరు అడిగితే పేరు చెప్పేశాను. అందుకని తీసేశారు. తీసేసింది ఆఫీసు. చెప్పింది నేను."

 నలభై ఒక్క మంది గోడ మీద చేతులు పెట్టుకుని ఉన్నారు. బంగారి నా వైపు చూడటం మానేసి నేల చూశాడు. తిట్టినా బాగుండేది.

వేడి కదల్లేదు.

ఎంతసేపో చెప్పలేను.  ఇక ఇది అయ్యే పని కాదనుకున్నాను. అప్పుడు గట్టు మీద నుంచి మట్టి జారిన చప్పుడైంది. రత్నం పీతల బుట్ట పక్కన పెట్టి దిగి వస్తోంది. ఎప్పటి నుంచి అక్కడ నిలబడిందో.

"జరగండి," అంది.

జరిగాను. ఆ పళ్లెంలో ఆమె చెయ్యి సరిగ్గా పట్టింది. వేళ్ల సందుల్లో పీత పెంకు తునకలు ఇంకా అంటుకుని ఉన్నాయి.

"ఇన్నావు గదా," అంది గోడతో. ఇరుగమ్మతో మాట్లాడినట్టుగా ఉంది గొంతు. "ఆయన సెప్పింది నిజమే. ఈ పోటు దాకా వత్తాను. మా ఇల్లూ నీ ఎనకే గదా ఉంది. పోటయ్యాక రాను. వేరే పనిలో కుదిరేను. ఇయ్యాల మటుకు ఉన్నా."

ఇరవయ్యో చోట ఉన్న ఆమె ఒక్కసారి ఊపిరి పీల్చింది. ఇరవై ఒకటో ఆమె తల తిప్పి చూసింది. ఆ తర్వాత నేను చేతులు చూడలేదు, ముఖాలు చూశాను. వేడి ఎవరి దగ్గరకు వస్తే వాళ్ల ముఖం మారుతోంది. చీకటి గదిలో ఎవరో దీపం పట్టుకుని వరసలో నడిచినట్టు నలభై రెండో ముఖం దాకా వెళ్లింది.

మోత వచ్చింది. ఇన్నేళ్లలో అంత మోత నేను వినలేదు. కాళ్ల కింద ఇసుక గీతలు గీతలుగా సర్దుకుంది. గట్టు మీది బుట్టలో పీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. మూడు కిలోమీటర్ల అవతల గోడ కొసన కూర్చున్న కొంగలన్నీ ఒకేసారి లేచాయి.

వీరవేణి కళ్లు తుడుచుకుని, "ఆటు ఎప్పుడు?" అని అడిగింది.

"తొమ్మిదిన్నరకి," అన్నాడు బంగారి.

"అయితే తొమ్మిదిన్నరకే పోత్తాం," అంది నా వైపు తిరిగి. నేను సరే అన్నాను. ఆ అధికారం నాకు లేదు.

మధ్యాహ్నానికి తొట్లు ఖాళీ. సాయంత్రం కొలత, వేలెడు.

అమావాస్య, శనివారం

గురువారం బెత్తెడు. నిన్న జానెడు. ఇవాళ మధ్యాహ్నానికి మొత్తం మీద మూరెడుకు మూడు వేళ్లు తక్కువ.

మూడు ఊళ్ల నుంచి తవుడు వస్తోంది. పిలవకుండానే తెస్తున్నారు. నలభై రెండు మందీ ఆటు ఆటుకూ పోస్తున్నారు. రత్నం తన తొట్టి తాను చూసుకుంటోంది. నాతో ఆమె పని మాటలు తప్ప మాట్లాడలేదు. "ఆ బాల్చీ అందుకోండి" అంది ఒకసారి. అందించాను.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, ఆదివారం

పోటు ఎనిమిదింటికి ఎక్కింది. ఆదివారం కాబట్టి ఉద్యోగి సంఖ్య ఒకటికి సెలవు. సెలవు తీసుకోలేదు.

పడవలు రాలేదు. ఊరంతా గట్టు మీదికి వచ్చింది. భయమైతే బడి మేడ ఎక్కాలి గానీ అందరూ గోడ దగ్గరకే వచ్చారు.

కొత్తగా పెరిగిన అంచు ఇంకా గట్టిపడలేదు. కింద గోడ బూడిద రంగు, మందం. పైన ఆ మూరెడు మాత్రం చంటిబిడ్డ గోరులా పలచగా, లేత గులాబి రంగులో ఉంది. ఎండ సముద్రం వైపు నుంచి పడుతోంది. ఆ అంచులోంచి అవతలి నీళ్లు కనిపించాయి. ఆకుపచ్చగా, మా తలల కంటే రెండు నిలువుల పైన. నీళ్లు ఎక్కుతున్నకొద్దీ పచ్చదనం అంచులో ఎక్కుతోంది. ఒక చేపల గుంపు వచ్చింది. కట్టచేపల్లా ఉన్నాయి. వాటి నీడలు గట్టు మీద నిలబడ్డ మనుషుల ముఖాల మీదుగా, నెత్తి మీది తట్టల మీదుగా, ఎత్తుకున్న పిల్లల మీదుగా ఈదుకుంటూ పోయాయి.  ఒక ముసలామె పైకి దణ్ణం పెట్టింది.

అంత పలచటి అంచు అంత సముద్రాన్ని ఎలా ఆపిందో నాకు తెలియదు. ప్రతి అలకూ అంచు వెనక్కి వంగడం చూశాను. వంగి మళ్లీ నిలబడేది. వంగినప్పుడల్లా నలభై రెండు మందీ చేతులు గట్టిగా అదిమారు. అదమడం వల్ల ఉపయోగం ఉందని ఏ పుస్తకంలోనూ లేదు.

ఎనిమిదీ నలభైకి నీళ్లు ఆగాయి. అంచుకు నాలుగు వేళ్లు కింద. పది నిమిషాలు అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత పచ్చదనం గీత కొద్దిగా కిందకు దిగింది.

"తీసింది," అన్నాడు బంగారి. ఆటు తీసిందని అర్థం. అంతే. జనం మెల్లగా ఇళ్లకు పోయారు.

శుద్ధ విదియ, సోమవారం

పై ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అయిదు ప్రశ్నలు. గోప్యత పాటించలేదని ఒప్పుకుంటారా? ఒప్పుకుంటానని రాశాను. రెండుసార్లు పాటించలేదని, మొదటిసారి ఎప్పుడో కూడా రాశాను. కుడితి వేళలు ఎవరి అనుమతితో మార్చారు? ఎవరి అనుమతీ లేదని రాశాను. జాబితా ఎక్కడుంది? జతచేశాను. సెలవు రోజున ఉద్యోగి సంఖ్య ఒకటి చేత పని ఎందుకు చేయించారు? చేయించలేదు, తనే చేసిందని రాశాను. అయిదో ప్రశ్న, ఆ రోజు మీరు మాట్లాడినప్పుడు అక్కడున్న కార్మికుల పేర్లు, వారిలో ఎవరు ఏమన్నారో రాయండి.

ఆ పేర్లు వరసగా నాకు కంఠతా వచ్చు. రాయనని రాశాను. సంతకం పెట్టి పంపించాను. ఉద్యోగం ఎన్ని రోజులుంటుందో తెలియదు. ఉన్నన్నాళ్లు ఈ పుస్తకం రాస్తాను.

అది పంపేసి హాజరుకు వెళ్లాను. రత్నం రాలేదు. చెప్పినట్టే షెడ్డుకు వెళ్లింది.

వీరవేణి పద్దెనిమిదో పేరు పిలిచి, ఖాళీ చోటు దగ్గరకు నడిచి చెయ్యి పెట్టింది. "ఓలేటి నూకరత్నం. రాదు. వేరే పనికెల్లింది. నీకు సెప్పే ఎల్లింది."

ఆగాం. వేడి అక్కడే ఉందని వీరవేణి తల ఊపింది. ఆటు తీసి చాలాసేపైంది, కుడితి సిద్ధంగా ఉంది, ఎండెక్కుతోంది. ఎవరూ తొందర చేయలేదు. బంగారి కూడా. గోడ ఆగినంతసేపూ మేమూ నిలబడ్డాం. తర్వాత ఇరవయ్యో చోట ఉన్న ఆమె, "వచ్చింది" అంది.

పని ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఆలస్యానికి కారణం అన్న గడిలో, ఇరవై రెండేళ్లు పని చేసిన మనిషి వెళ్లిపోయింది అని రాశాను.